వెదురు కాని వెదురు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో బోధన్ నుంచి ఒక సోదరి వ్రాసినది ఉన్నది. పేరు వేయవద్దన్నారు, కనక వేయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరంలో అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: "మా ఇంట్లో లక్కీ బాంబూ మొక్క పండిపోతున్నది. ఉంచమంటారా, పారవేయమంటారా?"

మొక్క సంగతి ఒక్కటే అయితే నాలుగు ముక్కల్లో జవాబు వ్రాసి ఊరుకుందును. కాని నాలుగు పేజీలూ చదివిన తరువాత, ఇది మొక్కను గురించిన ఉత్తరం మాత్రమే కాదనిపించింది.

ఈ సోదరికి పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. పెళ్ళినాడు స్నేహితురాళ్ళు మూడు కాడల లక్కీ బాంబూను గాజుపాత్రలో నిలబెట్టి, ఎర్ర రిబ్బను చుట్టి కానుకగా ఇచ్చారట. అత్తవారింటికి వస్తూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. ముందుగదిలో పడమటి కిటికీ దగ్గర పెట్టారు. వానలు పడే రోజుల్లో ఆకుల కొసలు మాడడం మొదలుపెట్టాయి. తరువాత ఒక కాడ అడుగునుంచి పసుపురంగుకు తిరిగింది. సరిగ్గా ఆ వారంలోనే మామయ్యగారికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. నిజామాబాదు తీసుకువెళ్ళి అయిదు రోజులు ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చింది. ఇప్పుడు కులాసాగా ఇంట్లో ఉన్నారు. అంతవరకు సంతోషమే.

కాని పలకరించడానికి వచ్చిన పొరుగావిడ కిటికీ వంక చూసి, "అదృష్టం చెట్టు పండితే ఇంటికి మంచిది కాదంటారు" అని ఒక మాట అనేసి వెళ్ళింది. అత్తమ్మగారు ఆ రోజు ఏమీ అనలేదు. రెండు రోజులు గడిచాక, "బిడ్డా, ఆ చెట్టును బయట పెట్టరాదా?" అన్నారట. ఈ సోదరి వ్రాస్తున్నారు: "ఆమె కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధగా ఉన్నది. ఈ ఇంటికి నేనూ, ఆ మొక్కా కలిసే వచ్చాం."

మామయ్యగారు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆ ఉద్యోగం పోయిన నాటినుంచీ ఇంట్లో ప్రతి చిన్నదానికీ శకునం చూడడం అలవాటయిందట. కష్టం చూసిన ఇళ్ళలో అది సహజమే. దాన్ని చూసి నవ్వగూడదు. అయితే శకునం మాట తేల్చుకోవాలంటే ముందు ఆ మొక్క ఏమిటో, దానికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

లక్కీ బాంబూ అసలు వెదురే కాదు. శాస్త్రజ్ఞులు దీన్ని డ్రసీనా శాండరియానా అంటారు. పుట్టిల్లు ఆఫ్రికా ఖండంలోని కామెరూన్, దాని చుట్టుప్రక్కల అడవులు. అక్కడ పెద్ద చెట్ల నీడలో పెరిగే చిన్న పొద ఇది. శాండర్ అనే ఆయన ఇంగ్లండులో మొక్కల వ్యాపారం చేసి ప్రసిద్ధికెక్కినవాడు. ఆయన పేరే దీనికి పెట్టారు. మన ఆయుర్వేదంలో పేరున్న పిల్లితేగలు, అదే శతావరి, ఉన్నదే, ఆ కుటుంబంలోది ఇది. కాడమీద కణుపులుండడం చూసి వెదురు అన్నారు, అంతే.

అసలైన వెదురుకు చుట్టం కావాలంటే మీరు బోధన్ దాటి వెళ్ళనక్కరలేదు. చెరకు, వరి, వెదురు—ఈ మూడూ గడ్డిజాతివే. మేదరివారు చీల్చి తట్టలు, చాటలు అల్లే వెదురుకు మీ పొలంలోని చెరకుగడ దగ్గరి బంధువు. మీ కిటికీలోని మొక్క వట్టి పేరుబంధువు మాత్రమే.

ఇక అదృష్టం మాట. చైనా దేశస్థులు, తైవాన్ వర్తకులు ఈ కాడలను కోసి, అందంగా వంచి, కట్టలు కట్టి శుభాకాంక్షల కానుకగా ప్రచారంలోకి తెచ్చారు. కాడల లెక్కనుబట్టి ఫలితం కూడా చెబుతారు. మూడు కాడలైతే మంచిదని, నాలుగు మాత్రం ఎవరికీ ఇవ్వగూడదనీ అంటారు. ఎందుకు గూడదు? చైనా భాషలో నాలుగు అనే మాటా, చావు అనే మాటా వినడానికి దాదాపు ఒక్కలాగే ఉంటాయి. మనకు ఆ బాధ లేదు. మనకు వేదాలు నాలుగు, దిక్కులు నాలుగు. భాష మారితే అర్థం మారిపోయే శకునం ఎంత గట్టిదో మీరే ఆలోచించండి. కామెరూన్ అడవిలో ఈ మొక్క ఆకులు రోజూ ఎన్నో పండి రాలుతుంటాయి. ఎవరి ఇంటికీ ఏమీ కాదు.

మరి మీ మొక్క ఎందుకు పండింది? ఉత్తరంలో మీరే మూడు కారణాలూ వ్రాశారు, కాని అవి కారణాలని మీకు తెలియదు.

మొదటిది, పడమటి కిటికీ. పెద్ద చెట్ల నీడలో పుట్టిన మొక్కకు వెలుతురు కావాలిగాని ఎండ పనికిరాదు. మధ్యాహ్నపు ఎండ గాజుపాత్రమీద పడితే లోపలి నీళ్ళు వేడెక్కుతాయి, ఆకులు మాడతాయి, నీళ్ళలో నాచు పట్టి పాత్ర ఆకుపచ్చగా తయారవుతుంది. కిటికీకి నాలుగైదు అడుగుల ఎడంగా, పత్రిక చదువుకునేందుకు చాలినంత వెలుతురు ఉన్నచోట పెట్టండి. కూలరు గాలి నేరుగా తగలనివ్వకండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మీ జిల్లాలో చలి గట్టిగానే ఉంటుంది. అప్పుడు కిటికీ గూట్లో కాకుండా గది లోపల ఉండాలి.

రెండవది, నీళ్ళు. బోరునీళ్ళు పోస్తున్నానని వ్రాశారు. ఈ జాతి మొక్కలకు ఫ్లోరైడు పడదు. నీళ్ళలో అది కాస్త ఎక్కువైతే ఆకు కొసలనుంచి గోధుమరంగుకు మాడుతూ వస్తుంది. తెలంగాణలో చాలాచోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. కుళాయి నీళ్ళయితే ఒక రాత్రంతా వెడల్పుపాత్రలో మూత లేకుండా ఉంచితే అందులోని క్లోరిన్ చాలావరకు పోతుంది. కాని ఫ్లోరైడు అలా పోయేది కాదు. కాచినా పోదు సరిగదా, నీరు ఆవిరై తగ్గినకొద్దీ మరికొంచెం చిక్కనవుతుంది. అన్నిటికన్నా మంచివి వాననీళ్ళు. డాబామీద శుభ్రమైన బిందె పెట్టి పట్టుకుని, మూత గట్టిగా వేసి దాచుకోండి. అవి లేనప్పుడు తాగడానికి శుద్ధిచేసిన నీళ్ళు ఉంటాయి గదా, అందులోంచి ఒక గ్లాసు ఈ మొక్కకు ఇస్తే చాలు.

మూడవది, మీరు ప్రేమకొద్దీ చేసిన పని. మొక్క నీరసంగా ఉన్నదని చిటికెడు యూరియా వేశానన్నారు. పొలం ఉన్న ఇంట్లో ఎరువు బస్తా చేతికి అందుబాటులోనే ఉంటుంది, చెయ్యి ఊరుకోదు. ఎకరం చేనుకు వేసే ఎరువు వేరు, గ్లాసెడు నీళ్ళలో నిలబడ్డ మూడు కాడల సంగతి వేరు. మట్టి ఉంటే ఎరువు దానిలో కలిసి కొంచెం కొంచెంగా వేళ్ళకు అందుతుంది. వట్టి నీళ్ళలో ఆ అడ్డు లేదు, చిటికెడుకే వేళ్ళు మాడిపోతాయి. సూపర్ ఫాస్ఫేటు సంగతి చెప్పనే అక్కరలేదు, దానిలో ఫ్లోరైడు కూడా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మొక్కకు రెండు నెలలకొకసారి, ఇంటిమొక్కలకని అమ్మే ద్రవపు ఎరువు ఒక్క చుక్క వేస్తే చాలు. జబ్బుపడ్డ మొక్కకు అదీ వద్దు. మనిషికి జ్వరంగా ఉన్నప్పుడు విందుభోజనం పెట్టం గదా!

ఇంతవరకు చెప్పినది మొక్క జబ్బు. ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉన్నది. "నీళ్ళు తగ్గినప్పుడల్లా పైన పోస్తూనే ఉన్నాను. పాత నీళ్ళు మాత్రం ఎప్పుడూ పారబోయలేదు."

మీరు భయపడతారని దాచను. ఈ మాట మీకే కాదు, నీళ్ళసీసాలో మనీప్లాంటు పెంచుకునే ప్రతి ఇంటికీ చెప్పవలసినదే. డెంగీని మోసే దోమ మురికికాలువలో గుడ్లు పెట్టదు. దానికి తేటగా నిలిచి ఉన్న నీళ్ళు కావాలి. పూలకుండీ, కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనకాల పళ్ళెం, పెరట్లో పడి ఉన్న పాత టైరు, కొబ్బరిచిప్ప—ఇవే దాని పురిటిగదులు. నీళ్ళ అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు గుడ్లు అంటించి పోతుంది. మన వాతావరణంలో గుడ్డు పగిలి, పురుగై, రెక్కలు వచ్చి ఎగిరిపోవడానికి వారం, పదిరోజులు చాలు. నీళ్ళు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ తడి తగలగానే పగులుతాయి. కాళ్ళమీద తెల్లచారలున్న ఈ దోమ రాత్రిపూటకన్నా పగలే, ముఖ్యంగా ప్రొద్దున్నా, సూర్యాస్తమయానికి ముందూ కుడుతుంది.

ఈ మొక్కకూ, దోమలకూ ఉన్న సంబంధం లోకానికి కొత్త కాదు. 2001లో దక్షిణ చైనానుంచి కాలిఫోర్నియాకు ఓడల్లో లక్కీ బాంబూ పంపారు. కాడలు వాడిపోకుండా అడుగున నీళ్ళు ఉంచారు. తీరా అక్కడ పెట్టెలు తెరిచి చూస్తే, మొక్కలతోబాటు టైగరు దోమలూ దిగుమతి అయ్యాయి. అదీ డెంగీని మోసే జాతే. తరువాత కొన్నేళ్ళకు నెదర్లాండ్స్‌లో ఈ మొక్కలను దించుకునే అద్దాల తోటల్లోనూ అవే కనిపించాయి. సముద్రాలు దాటిన దోమకు మీ ముందుగది కిటికీ ఒక లెక్కా?

అయితే మామయ్యగారి జ్వరానికి ఆ పాత్రే కారణమా? అలా అనడానికి వీల్లేదు. మీరు ఆ నిందను ఒంటిమీద వేసుకోనక్కరలేదు. దోమ పుట్టినంతమాత్రాన డెంగీ రాదు. ఆ దోమ ముందు డెంగీ ఉన్నవారినెవరినో కుట్టాలి. ఆ క్రిమి దాని ఒంట్లో పెరగడానికి వారం, పదిరోజులు పట్టాలి. ఆ తరువాత మరొకరిని కుట్టాలి. సాధారణంగా ఈ దోమ పుట్టినచోటికి నూరు, రెండువందల గజాల లోపలే తిరుగుతుంది. అంటే ఆ కాస్త మేరలో ఉన్న ఏ ఇంటి తొట్టిలోనైనా పుట్టి ఉండవచ్చు. శకునం చెప్పిన పొరుగావిడ ఇంటి కూలరు తొట్టిని కూడా ఒకసారి తొంగిచూడమనండి!

కనక మొక్కను బయట పెట్టినందువల్ల లాభం లేదు. బయట పెడితే దోమకు మరింత అనుకూలం. చెయ్యవలసిన పని వేరే ఉన్నది. పట్టుకునేందుకు సులువుగా ఉంటుందని ఒక రోజు పెట్టుకోండి. శుక్రవారాన్ని నీళ్ళపాత్రలు ఆరబెట్టే రోజుగా పాటించమని ఆరోగ్యశాఖవారు ప్రచారం చేసినది మీకు గుర్తుండే ఉంటుంది. శుక్రవారం ఎలాగూ మన ఇళ్ళలో గడప కడిగి పసుపు రాసే రోజే. ఆ చేత్తోనే ఇదీ కానివ్వండి.

కాడలను పైకి తీసి, వేళ్ళను మంచినీళ్ళలో మెల్లిగా కడగాలి. వేళ్ళు నారింజపండు రంగులోగాని, ఎర్రగాగాని ఉంటే కంగారుపడకండి, అది వాటి సహజమైన రంగే. నల్లబడి మెత్తగా జారిపోతున్నవి, వాసన వేస్తున్నవి మాత్రం కత్తిరించివేయాలి. పాత నీళ్ళను మోరీలో కాదు, ఎండలో ఎండిన నేలమీద పారబోయాలి. పాత్ర లోపలి గోడను, ముఖ్యంగా నీటి అంచు ఉండేచోట, పీచు పెట్టి గట్టిగా తోమాలి. వట్టి కడగడంవల్ల గుడ్లు ఊడిరావు. గులకరాళ్ళు ఉంటే వాటినీ రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టాలి. తరువాత వేళ్ళు మునిగేటంత, రెండు మూడు అంగుళాలు మాత్రమే కొత్తనీళ్ళు పోసి, గులకరాళ్ళు నీటిమట్టానికి పైదాకా నింపాలి. మొత్తం పది నిమిషాల పని. ఊరు వెళ్ళవలసివస్తే పాత్రమూతికి పలచని గుడ్డను కాడల చుట్టూ బిగించి కట్టి వెళ్ళండి. ఇంట్లో పిల్లిగాని, కుక్కగాని ఉంటే ఆకులు కొరకకుండా చూసుకోండి, వాటికి పడదు.

ఇంత పని వారం వారం చెయ్యలేమనుకునేవారికి ఒక సులువు ఉన్నది. కాడలను మట్టికుండీలోకి మార్చండి. నీళ్ళు నిలవని, గుల్లగా ఉండే మట్టి కావాలి. ఈ మొక్క నీళ్ళలోకన్నా మట్టిలోనే ఎక్కువకాలం బ్రతుకుతుంది. కుండీ క్రింద పళ్ళెంలో నీళ్ళు నిలవకుండా చూస్తే దోమల బెడదా ఉండదు.

ఇప్పుడు ఆ పండిన కాడ సంగతి. పసుపురంగుకు తిరిగిన భాగం మళ్ళీ ఆకుపచ్చ కాదు. దాన్ని వెంటనే వేరుచేయకపోతే కుళ్ళు ప్రక్కవాటికి పాకుతుంది. అయితే మీ కాడ అడుగున మాత్రమే పండింది, పైభాగం పచ్చగానే ఉన్నదన్నారు. అది బ్రతుకుతుంది. దాన్ని ఎలా బ్రతికించాలో నేను వ్రాసేకంటే మీ మామయ్యగారిని అడగడం మంచిది.

ఎందుకంటారా? మంజీరమీద నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీళ్ళు కాలువల్లో పారిన తరువాతే మీ ప్రాంతం చెరకుతోటలకు పేరుపడింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్నది. ఒక కాలంలో అది ఆసియాలోనే పెద్ద కర్మాగారాల్లో ఒకటిగా చెప్పుకునేవారు. ఊరి ప్రక్క శక్కర్‌నగర్ అన్న పేరే దానివల్ల వచ్చింది. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉన్నది. అటువంటి చోట బ్రతికిన మనిషికి ముచ్చె అంటే ఏమిటో, కన్ను అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? చెరకుకు విత్తనం చల్లం. ఆరోగ్యమైన గడ చూసి, కన్ను దెబ్బతినకుండా ముచ్చెలుగా నరికి నాటుతాం. కణుపు దగ్గరే వేరూ పుడుతుంది, మొలకా పుడుతుంది. ఈ మొక్కదీ అదే పద్ధతి. జాతులు వేరైనా కణుపు ధర్మం ఒకటే.

పదునైన శుభ్రమైన కత్తితో, పండిన భాగానికి బాగా పైన, పచ్చటి గట్టి కాడలో, ఒక కణుపుకు కాస్త క్రిందుగా కొయ్యాలి. అడుగు ఆకులు తీసివేసి, ఆ కణుపు మునిగేటట్టు శుభ్రమైన నీళ్ళలో నిలబెట్టాలి. కొన్ని వారాల్లో ఎర్రటి వేళ్ళు మొలుస్తాయి. తొందరపడి రోజూ తీసి చూడగూడదు. నీళ్ళు మార్చేది మాత్రం మరవగూడదు. ఈ పని మామయ్యగారి చేత చేయించండి. జ్వరంనుంచి లేచిన మనిషికి కూర్చుని చేసుకునే పని ఉంటే ఒంటికీ, మనసుకూ కూడా మంచిది.

మీ ఇంట్లో ఈ పత్రిక అత్తమ్మగారు కూడా చదువుతారని వ్రాశారు, కనక వారికీ ఒక మాట. అమ్మా, మీరు కోడలిని నొప్పించే మాట ఒక్కటీ అనలేదు. భర్తకు జ్వరం వచ్చినప్పుడు ఏ ఇల్లాలి మనసైనా కీడు శంకిస్తుంది. కాని చూడండి, 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెనకాడిందో మీకు తెలుసు. ఆ రోజున మీ ఇంట్లో ఈ మొక్క లేదు, ఈ కోడలూ లేదు. వచ్చే కష్టం మొక్కను చూసి రాదు. మామయ్యగారు ఆస్పత్రిలో ఉన్న అయిదు రోజులూ రాత్రిళ్ళు ప్రక్కన కూర్చున్నది ఎవరో ఉత్తరంలో ఒక్క ముక్కలో, అదీ మాటల సందర్భంలో, వ్రాసి ఊరుకున్నారు. మీకు తెలియనిది కాదు.

సోదరీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది: పండిన ముక్కను పారవేయండి, పచ్చని మొక్కను ఉంచండి. ఈ శుక్రవారం అత్తమ్మగారిని కూడా పిలిచి, ఆ పాత్రతోబాటు కూలరు తొట్టి, ఫ్రిజ్ పళ్ళెం, పెరట్లో ఉన్న ప్రతి డబ్బా కలిసి బోర్లించండి. కోసిన కాడకు వేళ్ళు వచ్చాక నాకు ఒక కార్డు వ్రాయండి. ఈసారి మీ పేరు వెయ్యమన్నా సరే.